ఫోన్ మోగకపోయినా మోగినట్టు అనిపిస్తోంది.. ఇది జబ్బేనా?

ప్రశ్న: నా వయసు 34. జేబులో ఫోన్ వైబ్రేట్ అయినట్టు తరచూ అనిపిస్తుంది. తీసి చూస్తే ఏమీ ఉండదు. ఫోన్ టేబుల్ మీద ఉన్నా ఒక్కోసారి తొడ దగ్గర అదే అదురు. ఫ్యాన్ హోరులో ఎవరో నా పేరు పిలిచినట్టు కూడా రెండు మూడుసార్లు వినిపించింది. పిచ్చి పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. సైకియాట్రిస్టును కలవాలా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి అంత భయం అక్కర్లేదు. ‘తీసి చూస్తే ఏమీ ఉండదు’ అన్నారు కదా, నాకు ధైర్యం కలిగించింది ఆ మాటే. అనుమానం వచ్చింది, చూసుకున్నారు, లేదని ఒప్పుకున్నారు. తీవ్రమైన మానసిక జబ్బుల్లో ఎక్కువగా దెబ్బతినేది ఈ ఒప్పుకోవడమే.

దీన్ని ఫాంటమ్ వైబ్రేషన్ అంటారు. 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సర్వేలో ఆస్పత్రి సిబ్బందిలో 68 శాతం మంది తమకూ ఇలా అవుతుందని చెప్పారు. అంటే వైద్యం చేసేవాళ్లూ మీ జట్టులోనే ఉన్నారు!

చర్మం, చెవి, కన్ను మెదడుకు పంపేవి సంకేతాలే. అవి ఫలానావి అని తేల్చేది మెదడు. బట్ట రాసుకున్నా, కండరం చిన్నగా అదిరినా తొడ నుంచి వెళ్లే సంకేతం ఫోన్ అదురుకు దగ్గరగానే ఉంటుంది. అది ఫోనా, కాదా? ఇక్కడ పొరపాటు రెండు రకాలుగా జరగొచ్చు: వచ్చిన కాల్‌ను వదిలేయడం, రాని కాల్‌ను వచ్చిందనుకోవడం. కాల్ కోసం ఎదురుచూసే మనిషికి మొదటిదే నష్టం. అందుకే మెదడు రెండోవైపు మొగ్గుతుంది. తెర మీది చుక్క విమానమా, కాదా అని తేల్చాల్సిన రాడార్ సిబ్బందికి ఎదురయ్యే ఈ చిక్కునే 1950లలో మనస్తత్వ శాస్త్రవేత్తలు మన ఇంద్రియాలకు అన్వయించి చూశారు. పనిలో ఒత్తిడి ఎక్కువగా ఉన్న రోజుల్లో మీకిది పెరుగుతోందేమో గమనించండి.

పేరు సంగతీ అంతే. రెండు చెవుల్లో వేర్వేరు మాటలు వినిపిస్తూ ఒక్కదాన్నే పట్టించుకోమని 1959లో నెవిల్ మోరే అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఓ ప్రయోగం చేశారు. రెండో చెవిలో వచ్చిన తమ పేరును మాత్రం సుమారు మూడోవంతు మంది పట్టేశారు. పేరు విషయంలో మనం అంత అప్రమత్తంగా ఉంటాం. ఫ్యాన్ హోరులాంటి కలగాపులగపు శబ్దంలో అది లేకపోయినా ఉన్నట్టు తోచడంలో వింతేమీ లేదు. మెదడు ఇలా ఊహించి పూరించడం రోజంతా జరిగేదే. ప్రతి కంటిలోనూ నరం బయటికి వెళ్లేచోట చూపు లేని చుక్క ఒకటి ఉంటుంది, దాన్ని మీరెప్పుడైనా గమనించారా?

ఫోన్‌ను కొన్నాళ్లు వేరే జేబులోనో, బ్యాగులోనో పెట్టండి. వైబ్రేషన్ ఆపేసి, అక్కర్లేని నోటిఫికేషన్లు తీసేయండి. నిద్ర తగ్గనివ్వకండి. మందులు అక్కర్లేదు.

అయితే వినిపించే గొంతులు మీ గురించి వ్యాఖ్యానిస్తున్నా, ఫలానా పని చెయ్యమని ఆజ్ఞాపిస్తున్నా, అవి నిజమేనని గట్టిగా అనిపిస్తున్నా వెంటనే సైకియాట్రిస్టును కలవండి. లేని కాలిన వాసన పదేపదే వస్తే, కంటిలో ఒక్కసారిగా మెరుపులు కనిపిస్తే ఆ పరీక్షలు వేరు, ఆలస్యం చేయొద్దు. ఇక ఫోన్ దూరంగా పెట్టినా తొడలో అదురు, తిమ్మిరి, మంట రోజూ ఉంటే అది నరాల సమస్య కావచ్చు. ముందు షుగర్, బీ12 పరీక్షలు చేయించుకుని ఫిజీషియన్‌కు చూపించండి.