ఈబే వేలంలో పాత మార్వెల్ కామిక్స్ కొనేటప్పుడు నా లెక్కలు

మీరు అడిగింది రెండు విషయాలు: 1960-80ల నాటి మార్వెల్ కామిక్స్ ఈబేలో పాడేటప్పుడు ఏం చూడాలి, ఎంతదాకా పాడాలి. పుస్తకం ముందు అమెరికాలో మీ అన్నయ్య ఇంటికి వెళ్తుందన్నారు కాబట్టి ఆ సంగతీ చివర్లో చెప్తాను.

సీజీసీ అంటే కామిక్స్ స్థితిని చూసి పదికి ఇంత అని గ్రేడు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసే కంపెనీ. విడి కాపీల్లోనే, అంటే ఆ డబ్బాలో సీలు వేయకుండా అమ్మేవాటిలోనే, ఎక్కువ మోసం, ఎక్కువ లాభం రెండూ. టైటిల్లో ‘నియర్ మింట్’ (దాదాపు కొత్తది), ‘హై గ్రేడ్’ అని రాసినదాన్ని నేను అసలు లెక్కలోకి తీసుకోను. ఫోటోలో కనబడని మంచి లేదనే నా లెక్క. ముందు అట్ట, వెనక అట్ట, రెండు అట్టల లోపలి వైపులు, వెన్ను దగ్గరగా, పిన్నులు కనబడేలా నడిమి పేజీలు - ఈ ఫోటోలన్నీ కావాలి. అవీ ప్లాస్టిక్ కవరులోంచి బయటికి తీసి తీసినవే కావాలి. కవరు మెరుపులో వెన్ను మీది గీతలు మాయమైపోతాయి. అడిగినా పంపకపోతే ఆ పాట వదిలేస్తాను.

వెన్ను ఫోటోను బాగా పెద్దది చేసి చూడండి. పిన్నుల చుట్టుపక్కల అడ్డంగా చిన్న చిన్న మడత గీతలుంటాయి. రంగు చెదరని గీతతో పెద్ద నష్టం లేదు, రంగు లేచిపోయి లోపలి తెలుపు కనబడితే గ్రేడు బాగా దిగుతుంది. నల్ల అట్టల మీద ఈ తెలుపును మార్కర్ పెన్నుతో కప్పేసేవాళ్ళున్నారు. అందుకే లోపలి అట్ట ఫోటో అడిగేది: సిరా అవతలికి దిగి మరకగా తేలుతుంది. అంచులు కత్తిరించి నునుపు చేయడం ఇంకో పని. అరవై ఏళ్ళ కాగితానికి మూడు వైపులా కొత్త బ్లేడుతో కోసినట్టు అంచుంటే అనుమానించాల్సిందే. ఈ రెండూ సీజీసీ దృష్టిలో రిస్టోరేషనే, అంటే పుస్తకానికి చేసిన మరమ్మతే. ఊదారంగు లేబుల్ పడుతుంది, ధర అమాంతం పడిపోతుంది.

ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా రాసి అడగాలి, అదీ ఈబే మెసేజ్‌లోనే: “పేజీలన్నీ లెక్కపెట్టారా? ఏదైనా కూపనో స్టాంపో కత్తిరించి ఉందా?” ఆ రోజుల్లో మామూలు సంచికకు అట్ట కాకుండా 32 పేజీలు. 1974-76 మధ్య మార్వెల్ ఉత్తరాల పేజీల్లో ‘వాల్యూ స్టాంపు’లు వేసి, కత్తిరించి దాచుకోమని పిల్లలకు చెప్పింది. పిల్లలు చెప్పినట్టే చేశారు! వుల్వరిన్ పూర్తిగా కనిపించే మొదటి కథ, 1974 నవంబరు నాటి ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181లో షానా అనే మార్వెల్ పాత్ర బొమ్మ ఉన్న స్టాంపు ఉంటుంది. అట్ట ఎంత మెరుస్తున్నా ఆ స్టాంపు లేని కాపీది వేరే ధర. ఈబే మెసేజ్‌లో “అన్నీ ఉన్నాయి” అని అమ్మేవాడు రాసిన జవాబు, తర్వాత రిటర్న్ అడగాల్సి వస్తే మీకు రుజువవుతుంది. వాట్సాప్‌లో మాట్లాడుకుందామంటే ఒప్పుకోకండి.

పునర్ముద్రణల గొడవ తేలిక. మార్వెల్ ఇప్పుడు వేసే ఫాక్సిమిలీ సంచికలు చూడటానికి అచ్చం పాతవే, పాత ప్రకటనలతో సహా. కానీ సన్న అక్షరాల్లో ఉండే ప్రచురణ వివరాల్లో కొత్త సంవత్సరం ఉంటుంది, ఆ ఫోటో ఒకటి చాలు. మార్వెల్ కాకపోయినా చెప్తున్నా, 1984 నాటి నింజా టర్టిల్స్ 1కి నకిలీలు తిరుగుతున్నాయి. దాన్ని విడిగా ఎంత చవగ్గా ఇచ్చినా నేను ముట్టుకోను.

ఇక సీజీసీ డబ్బాలు. సర్టిఫికేట్ నంబరును సీజీసీ సైట్లో కొట్టి సంచిక, గ్రేడు, పేజీల రంగు సరిపోయాయా చూడండి. అంతటితో ఆగొద్దు. డబ్బా తెరిచి, లోపలి కాపీని మార్చేసి, మళ్ళీ మూసి అమ్మిన వ్యవహారం 2023 చివర్లో బయటపడింది. నంబరు అసలుదే, పుస్తకమే వేరు. డబ్బా అంచుల్లో పగుళ్ళు, తెల్లగా నలిగిన గుర్తులు ఉంటే వద్దు. ప్లాస్టిక్ మీద నూనె తెట్టులాంటి రంగుల వలయాలు కనబడితే మాత్రం కంగారు పడకండి, రెండు ప్లాస్టిక్ పొరలు అంటుకున్నచోట అలాగే ఉంటుంది, పుస్తకానికేమీ కాదు. పచ్చ లేబుల్ అంటే గ్రేడులో కలపని లోపం ఏదో ఉన్నట్టు, అదేంటో చదవకుండా పాడొద్దు. పైన 9.0 అని ఉంటుంది, కింద ‘స్టాంపు లేదు’ అని ఉంటుంది.

ధర సంగతి. ఈబేలో ఇప్పటికే అమ్ముడైనవి చూపించే ‘సోల్డ్ ఐటమ్స్’ నొక్కి, అదే గ్రేడు, అదే రంగు లేబుల్ అమ్మకాలు మాత్రమే చూడండి. కొట్టివేత గీత ఉన్న ధర బేరంలో తగ్గించి ఇచ్చినది, అది అసలు అమ్మిన ధర కాదు. అన్నీ కలుపుకుని 300 డాలర్లు దాటకూడదని అనుకుందాం. మీ అన్నయ్య డాలస్‌లో ఉంటే సేల్స్ టాక్స్ 8.25 శాతం, అది పోస్టేజీ మీద కూడా పడుతుంది. 300ని 1.0825తో భాగిస్తే 277. అందులో పోస్టేజీ 15 తీసేస్తే 262. అదే మీ పాట, అంతే. నేనైతే 262.13 అని వేస్తాను. సరిగ్గా 262 వేసినవాడి మీద ఆ సెంట్లతోనే గెలవచ్చు.

వేసేది ఒక్కసారే, ఆఖరి పది సెకన్లలోపు. ఈబేలో మామూలుగా గడియారం పొడిగించరు కాబట్టి అవతలివాడికి ఆలోచించే వ్యవధి ఉండదు. రెండు రోజుల ముందే పాడితే ధర పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఇది బాలాపూర్ లడ్డూ కాదు, ఎక్కువకి పాడినందుకు ఎవరూ శాలువా కప్పరు. అరుదైనవి తప్ప మార్వెల్ సంచికలేవైనా వారం పది రోజుల్లో మళ్ళీ వేలానికొస్తాయి.

పాడేముందే ప్యాకింగ్ అడగండి: పుస్తకానికి రెండు వైపులా గట్టి అట్టముక్కలు, వాటి గాడులు ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. అలా ఉంటే మధ్యలో వంగదు. మీడియా మెయిల్‌లో, అంటే పుస్తకాల్లాంటివాటికి అమెరికా తపాలా ఇచ్చే చవక పోస్టులో, పంపుతానంటే వద్దనండి. ప్రకటనలున్న కామిక్స్‌ను అందులో పంపడం అమెరికా తపాలా నిబంధనలకు విరుద్ధం.

మీలాంటివాళ్ళు దెబ్బతినేది చివరి అంకంలోనే. ఈబే రక్షణ పార్సిల్ చేరిన 30 రోజుల వరకే. “వచ్చేటప్పుడు తెస్తాలే” అని అన్నయ్య మూడు నెలలు అల్మారాలో పెడితే, విప్పి చూసేసరికి లోపల ఏమున్నా అది మీదే. చేరిన రోజే విప్పించండి, విప్పేటప్పుడు వీడియో తీయమనండి. వేలం ఫోటోల పక్కన పెట్టి వెన్ను, మూలలు పోల్చి, ఉత్తరాల పేజీ తెరిచి చూడమనండి. తెచ్చేటప్పుడు చేతి సామానులోనే. విశాఖ, కాకినాడ వైపు గాలికి పిన్నులు తుప్పు పడతాయి కాబట్టి ఇంటికొచ్చాక మైలార్ (గట్టి పారదర్శక ప్లాస్టిక్) కవరు, వెనక యాసిడ్ లేని అట్ట, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు. ఆ పొట్లాలు వానాకాలం రాకముందే మార్చేయండి.