ఇంటి సీసీ కెమెరాలు ఫోన్‌లో చూడటానికి ఏ యాప్ మంచిది?
గాజువాకలో ఇంటికి పెట్టించిన నాలుగు కెమెరాలను హైదరాబాద్ నుంచి చూడాలంటే ఏ యాప్ అని అడిగారు. ముందు డీవీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె) మీద ఏ కంపెనీ పేరుందో చూడండి. హిక్‌విజన్ అయితే హిక్-కనెక్ట్, దహువా అయితే డీఎంఎస్ఎస్. ఆ కంపెనీ సొంత యాప్‌తోనే పని సులువు: క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు, రౌటర్‌లో పోర్టులు (బయటి నుంచి లోపలికి వచ్చే దారులు) తెరవక్కర్లేదు. రకరకాల కంపెనీల కెమెరాలు కలగలిసి ఉంటేనే టైనీక్యామ్ లాంటివి వెతకండి.

మధురవాడలో మా ఫ్లాట్ కెమెరాలు పెట్టినతను అకౌంట్ తన నంబరుతోనే తెరిచేశాడు. అంటే మా వరండా ఆయనకీ కనిపిస్తోందన్నమాట! మీ నంబరుతో తెరిపించుకుని, ఇంట్లోవాళ్లకు షేర్ చేయండి. పాస్‌వర్డ్ కూడా మార్చేయండి.

బొమ్మ ఆగి ఆగి వస్తుంటే యాప్‌లో సబ్ స్ట్రీమ్ (తక్కువ నాణ్యత వీడియో) పెట్టండి, డేటా కూడా తక్కువ అవుతుంది. కరెంటు పోయి రౌటర్, డీవీఆర్, కెమెరాలు ఆగితే మాత్రం ఏ యాపూ చూపించదు, వాటన్నిటికీ యూపీఎస్ (కరెంటు పోయినా నడిపే బ్యాటరీ) కొనాల్సిందే.