ఎలుగుబంటి కథ రాసిన అమ్మాయికి

బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. నల్లమల అంచున ఇప్పపువ్వు ఏరుకునే ఆ చెంచు అవ్వ నడకా, మాటా బాగా పట్టుకున్నావు. ఎలుగుబంటి దగ్గరికొచ్చేసరికి కలం తడబడింది. నరవాసన పసిగట్టి, మనిషి మాంసం కోసం పొదలోంచి దూకిందన్నావు. ఎలుగు అలా చేయదమ్మా. ముందు దాన్ని జంతువుగా తెలుసుకో, అర్థాలు తర్వాత ఇచ్చుకోవచ్చు.

మన అడవుల్లో ఎలుగు చెదలు, చీమలు, తేనె, పండ్లు తిని బతుకుతుంది. దాని పైదవడలో ముందు రెండు పళ్ళు ఉండవు. పొడవాటి గోళ్ళతో పుట్టను తవ్వి, దుమ్ము ఊదేసి, ముక్కు రంధ్రాలు మూసుకుని, ఆ పళ్ళ సందులోంచి చెదల్ని జుర్రుకుంటుంది. ఆ చప్పుడు వంద మీటర్ల అవతలికి కూడా వినిపిస్తుంది. అది వదిలేసి 'గర్జించింది' అని రాశావేం?

నీకు కావలసిన భయం ఇప్పచెట్టు కిందే ఉంది. ఎలుగుకు చూపూ, వినికిడీ అంతంతమాత్రం, వాసన మీదే దాని బతుకు. ఇప్పపువ్వంటే దానికి ప్రాణం. రాత్రి రాలిన పువ్వు కోసం తెల్లారకముందే అవ్వా వస్తుంది, అదీ వస్తుంది. తల వంచుకుని తినేదానికి అడుగుల చప్పుడు తెలీదు. గాలి దాని వైపు నుంచి అవ్వ వైపు వీస్తుంటే వాసనా అందదు. తలెత్తేసరికి మనిషి నాలుగడుగుల్లో ఉంటుంది. బెదిరి మీద పడుతుంది. ఇద్దరూ వచ్చింది పువ్వుకే. నీ కథ అక్కడుంది, రాయి.

అది పిల్లలతల్లి అయితే ఇంకా తెగిస్తుంది. పిల్లల్ని నెలల తరబడి వీపు మీదే మోస్తుంది, అవి ఆ గరుకు జూలు పట్టుకుని అతుక్కుపోతాయి. వినాయకచవితి నాడు చేతిలో అక్షతలతో ఏటా వింటాం కదా, సింహాన్ని చంపి తెచ్చిన శమంతకమణిని జాంబవంతుడు పాప ఊయలకు కట్టాడని. ఎలుగుకు మనవాళ్ళిచ్చిన అర్థాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఈ తండ్రే. హనుమంతుడికి తన బలం గుర్తుచేసిన పెద్దాయనా ఆయనే. నువ్వు షావుకారును 'ఎలుగుబంటి' అని తిట్టించావు. జనం అంటారు, పాత్ర నోట ఉండనీ. కథ చెప్పే గొంతులో వద్దు.

మా చిన్నప్పుడు వీధుల్లో ముక్కుతాడేసిన ఎలుగును ఆడించేవాళ్ళు. పిల్లల దడుపుకని దాని వెంట్రుకతో తాయెత్తులు అమ్మేవాళ్ళు. ఆ ముక్కు మీది పుండు నాకింకా కళ్ళకు కడుతుంది. ఆ ఆటలు పోయాయి, చాలా మంచిదైంది.

చివర్లో గార్డు వచ్చి కాల్చేశాడన్నది తీసెయ్. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువది. ప్రాణం కాపాడుకోవడానికి తప్ప, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా గార్డు దాన్ని కాల్చడానికి లేదు.

వీలుచూసుకుని విశాఖ జూకి వెళ్ళు. మేత వేసే వేళకు అక్కడుండి, మూతి ఎలా కదులుతుందో, గోళ్ళు ఎటు వంగి ఉంటాయో, నడిచేటప్పుడు పాదం ఎలా పడుతుందో చూసి రాసుకో. ఆ తర్వాత చివరి భాగం తిరగరాసి పంపు. వెంటనే చదువుతాను.

ఇట్లు,
నీ మాస్టారు