వంద మిల్లీలీటర్ల మల్లె నూనె నాలుగు వందలా? సుగంధ తైలాల అంగళ్లవారికి జవాబులు

సుగంధ తైలాల చిన్న అంగళ్లు నడిపేవారి ఉత్తరాల్లో ఆరింటికి ఈసారి జవాబులు. ఒకే ప్రశ్న పదిమంది అడిగినచోట ఒక్కరిదే వేశాం.

ప్ర: నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో అంగడి పెట్టబోతున్నాను. ఒక వ్యాపారి 'స్వచ్ఛమైన మల్లె ఎసెన్షియల్ ఆయిల్' వంద మి.లీ. నాలుగు వందలకే ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా అండీ? (నెల్లూరు)

జ: తీసుకోవచ్చు, కానీ ఆ పేరుతో అమ్మకూడదు. మల్లె, జాజి పూలను వ్యాపారానికి సాధారణంగా ఆవిరి పట్టి నూనె తీయరు. ఆ వేడికి వాసన చెడుతుంది, చేతికొచ్చేదీ ఏమంత ఉండదు. హెక్సేన్ వంటి ద్రావకంలో పూలు నానబెట్టి ముందు మైనంలాంటి ముద్ద తీస్తారు. దీన్ని కాంక్రీట్ అంటారు. ఆ ముద్దను ఆల్కహాలులో కరిగించి మైనం వేరుచేస్తే మిగిలేది అబ్సల్యూట్. కిలో అబ్సల్యూట్‌కు ఇంచుమించు ఏడెనిమిది వందల కిలోల నుంచి టన్ను దాకా పూలు పడతాయి. టోకున కిలో వంద రూపాయలకే పూలు దొరికాయనుకుందాం. వంద గ్రాముల సరుకుకు పూల ఖర్చే తక్కువలో తక్కువ ఏడెనిమిది వేలు! నాలుగు వందలకు వచ్చేది బెంజైల్ ఎసిటేట్ వంటి వాసన రసాయనాలను కలిపి, డీపీజీ, డీఈపీ అనే చవక ద్రావకాల్లో పలచన చేసిన సరుకు.

అది అమ్మడం తప్పేం కాదు, చాలామంది అడిగేదీ అదే. సీసా మీద 'మల్లె పరిమళ నూనె' అని రాయండి, 'సహజం' అన్న మాట మాత్రం వద్దు. స్ట్రాబెర్రీ, పుచ్చకాయ వాసనలూ ఇలా రసాయనాలు కలిపి చేసినవే. వానమట్టి అత్తరు సంగతి వేరు, అది నిజంగానే ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని డేగ్ అనే రాగి పాత్రలో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టిస్తారు. గంధం ధర ఎరిగినవారికి ఆ అత్తరు చవకగా దొరకదని వేరే చెప్పాలా?

ప్ర: సరుకు రాగానే కల్తీ ఉందో లేదో అంగట్లోనే ఎలా పట్టుకోవాలి? (కావలి)

జ: రెండు పనులు చేయండి. రెండూ కొంతవరకే పనికొస్తాయి.

మొదటిది కాగితం. తెల్లటి డ్రాయింగ్ కాగితాన్ని వేలెడు పట్టీలుగా కత్తిరించి, ఒక్కో పట్టీ మీద ఒక్క చుక్క వేసి, పక్కనే పెన్సిలుతో నూనె పేరు, వేళ రాయండి. పది నిమిషాలకు, గంటకు, మర్నాడు అదే వేళకు వాసన చూడండి, వెలుతురుకు ఎత్తి మచ్చ చూడండి. మంచి నీలగిరి తైలమైతే మర్నాటికి కాగితం మీద ఆనవాలే ఉండదు. బజ్జీల పొట్లంలాగా జిడ్డు వలయం మిగిలిందా, అందులో వంటనూనెలాంటిదేదో కలిసింది. వట్టివేరు, గంధం, పచౌలీ నూనెలు మాత్రం స్వభావరీత్యా రోజుల తరబడి ఉంటాయి. పిండి తీసిన నిమ్మ నూనె కూడా కొంచెం మచ్చ వదులుతుంది. వాటిని అనుమానించకండి. ఆల్కహాలులో కలిపి చూసే పరీక్షను నమ్ముకున్నవారిని ఆముదం మోసం చేస్తుంది, ఎందుకంటే అది ఆల్కహాలులో శుభ్రంగా కలిసిపోతుంది. కాగితం మీద దొరికిపోతుంది.

రెండోది తూకం. బంగారు కొట్లో వాడే 0.01 గ్రాము డిజిటల్ కాటా, పది మి.లీ. గాజు పిపెట్ (కొలత గొట్టం) కొనండి. సినియోల్ (నీలగిరి తైలంలోని ముఖ్య పదార్థం) ఎక్కువున్న తైలం పది మి.లీ. తూచితే 9.05 నుంచి 9.25 గ్రాములు రావాలి. లవంగ మొగ్గ నూనె 10.4 పైనే ఉంటుంది, నీళ్లలో వేస్తే మునుగుతుంది. ఇక్కడే కొత్తవారు తప్పటడుగు వేస్తారు. ఈ అంకెలు 20 డిగ్రీల దగ్గరివి. మన ఎండల్లో గది 36 డిగ్రీలుంటే పది మి.లీ.కి 0.1 గ్రాము పైచిలుకు తగ్గుతుంది. ఆ మాత్రానికే వ్యాపారి మీద విరుచుకుపడకండి. పాత బ్యాచి నమూనా యాభై మి.లీ. దాచుకుని, కొత్తదాన్ని దాని పక్కన, అదే గంటలో తూచడం మేలు.

నేర్పుగా కలిపిన కృత్రిమ రసాయనాన్ని కాగితమూ పట్టదు, కాటా పట్టదు. దానికి నూనెలో ఏయే పదార్థాలు ఎంతెంత ఉన్నాయో విడదీసి చూపే జీసీ-ఎంఎస్ అనే ల్యాబు పరీక్షే దారి. వ్యాపారి చూపే రిపోర్టు మీది బ్యాచి నంబరు, డబ్బా మీది నంబరు ఒకటేనా అని ముందు చూడండి. పెద్ద కొనుగోలుకు ముందు కన్నౌజ్‌లోని ఎఫ్‌ఎఫ్‌డీసీ (సుగంధ, రుచి పదార్థాల అభివృద్ధి కేంద్రం) లాంటి చోటికి నమూనా మీరే పంపుకోండి.

ప్ర: మాకు నిమ్మతోట ఉంది. తొక్క పిండి తీసిన నూనె ఇరవై చుక్కలు వేసి పది మి.లీ. రోల్-ఆన్ చేశాను. రాసుకుని పొలానికెళ్లిన ఒకామెకు మెడ మీద నల్లటి చారలు లేచాయి. నూనె చెడిపోయిందా? (పొదలకూరు)

జ: చెడలేదమ్మా, ఎక్కువైంది. తొక్కను చల్లగా పిండితే నూనెతోపాటు ఫ్యూరానోకూమరిన్లు దిగుతాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే ఒకటి రెండు రోజుల్లో మంట, కొన్నిసార్లు పొక్కులు, తర్వాత నల్ల మచ్చ. ఎండలో నిమ్మకాయలు పిండేవారి చేతులకు పడే మచ్చలూ ఇవే. ఒంటికి రాసుకుని వదిలేసే సరుకులో ఈ నూనె 0.7 శాతం మించకూడదు. పది మి.లీ.కి 0.07 మి.లీ., అంటే చుక్కన్నర కూడా లేదు. మీరు వేసిన ఇరవై చుక్కలు ఒక మి.లీ., పది శాతం.

ఆవిరి పట్టిన నిమ్మ నూనెలో ఈ బెడద లేదు, రోల్-ఆన్‌కు అదే వాడండి. వాసన తాజా తొక్కలా కాకుండా సోడాకొట్టు నిమ్మరసంలా ఉంటుంది, కొందరికి అదే ఇష్టం. నూరు కిలోల కాయకు అరకిలో నూనె కూడా రాదు కాబట్టి మంచి కాయ మార్కెట్‌కే పంపి, రసం తీశాక మిగిలిన తొక్కను నూనెకు వాడుకోండి. ఆమెను కొన్ని వారాలు ఎండ తగలకుండా మెడ కప్పుకోమనండి. పొక్కులుంటే చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

చుక్కల లెక్క కూడా మానేయండి. వట్టివేరు నూనె చుక్క లావు, నిమ్మది సన్నం. కాటా మీదే కలపండి.

ప్ర: ఎండాకాలం వస్తే డ్రాపర్ల రబ్బరు జిగురవుతోంది, సీసాలు కారుతున్నాయి. (ఒంగోలు)

జ: రబ్బరు బుడ్డి ఉన్న డ్రాపర్‌తో నూనెను నిల్వ ఉంచకూడదు. లోపలి ఆవిరికే రబ్బరు ఉబ్బి కరుగుతుంది. మూతి లోపల చుక్క చుక్కగా వదిలే బిళ్ల బిగించిన ముదురు గోధుమరంగు గాజు సీసాలు తెప్పించండి. అమ్మే సీసాను అంచుదాకా నింపితే వేడికి నూనె పెరిగి కారుతుంది, మెడ కింద ఆపండి. మీ నిల్వ డబ్బా సంగతి దీనికి తలకిందులు. సగం ఖాళీగా ఉంటే గాలి తగిలి నిమ్మజాతి నూనెల్లో ఎక్కువగా ఉండే లిమోనీన్ అనే పదార్థం పాతబడి, ఒంటికి పడని సరుకవుతుంది. అందుకే తగ్గేకొద్దీ చిన్న సీసాల్లోకి మార్చి, ఫ్రిజ్‌లో పెట్టండి. థర్మోకోల్ పెట్టెలో నిమ్మ నూనె పంపకండి, ఒక చుక్క కారినా అక్కడ గుంట పడుతుంది.

ఒక మాట. చాలా అంగళ్లలో గల్లాపెట్టె మీద దేవుడి పటం, ముందు దీపం, పక్కనే సీసాల అర. నిమ్మ, నీలగిరి నూనెల ఆవిరి 50 డిగ్రీల దగ్గరే అంటుకుంటుంది. సీసాల అరను అవతలి గోడకు మార్చండి.

ప్ర: పసిపిల్లల జలుబుకు నీలగిరి తైలం అడుగుతున్నారు. ఎంత పూయమనాలి? (కందుకూరు)

జ: పూయమనకండి. పసివాళ్ల ముక్కు దగ్గర పూస్తే ఊపిరి పట్టేయవచ్చు. చెంచాడు మింగినా మూర్ఛలు రావచ్చు. మింగితే వాంతి చేయించకుండా, సీసాతో సహా ఆసుపత్రికి పరుగెత్తాలి. అమ్మేటప్పుడే 'పిల్లలకు అందనివ్వకండి' అని నోటితో కూడా చెప్పండి.

ప్ర: సొంత పేరుతో లేబుల్ వేసి అమ్మితే లైసెన్సు కావాలా? (ఒంగోలు)

జ: ఒంటికి రాసుకునే సరుకును సొంత పేరుతో తయారుచేసి, నింపి అమ్మితే చట్టం దృష్టిలో అది తయారీయే. కాస్మెటిక్స్ రూల్స్, 2020 కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు కావాలి. కొనేవాడి ముందు డబ్బాలోంచి కొలిచి పోయడం చిల్లర వ్యాపారం కిందికి వస్తుంది. ముందే నింపి పెట్టిన సీసా మీద సరుకు పేరు, ప్యాక్ చేసినవారి చిరునామా, నికర పరిమాణం, నెల-సంవత్సరం, పన్నులతో కలిపిన గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోన్ నంబరు తప్పనిసరి. 'షుగరు తగ్గిస్తుంది' లాంటి మాట ఒక్కటి రాసినా 1954 నాటి మందుల అభ్యంతరకర ప్రకటనల చట్టం కిందికి వస్తారు. బోర్డు మీదైనా, వాట్సాప్ స్టేటస్‌లోనైనా అంతే.