పెద్దలకూ పిల్లలకూ కలిపి సైకిలు తరగతులు నడపవచ్చా? ఏమేమి నేర్పాలి?

మీ కాలనీలో పెద్దలకూ పిల్లలకూ సైకిలు తరగతులు పెట్టాలనుకుంటున్నామని, అందరినీ ఒకే బృందంగా ఉంచవచ్చా, ఉన్న కొద్ది తరగతుల్లో దేనికి ప్రాధాన్యం ఇవ్వాలి అని అడిగారు. కొన్నేళ్లుగా ఇటువంటి తరగతుల్లో స్వచ్ఛందంగా నేర్పుతున్నాను కనుక నేను చూసినది చెబుతాను. పడిపోకుండా తొక్కడం వచ్చిన రోజున తరగతి ముగిసిందని చాలామంది నిర్వాహకులు అనుకుంటారు. నా దృష్టిలో అది సగం పని కూడా కాదు. బ్యాలెన్సు వచ్చిన మనిషి మరుసటి రోజే రోడ్డెక్కుతాడు. వెనక్కి చూడటం, సరిగా ఆపడం, రోడ్డులో ఎక్కడ ఉండాలో గ్రహించడం రాకపోతే అతనికి అక్కడ రక్షణ లేదు.

మొదటి దశలో మాత్రం పెద్దలనూ పిల్లలనూ తప్పక విడదీయండి. నలభై దాటిన వ్యక్తికి పడతానన్న భయంతో పాటు నలుగురూ చూస్తున్నారన్న బిడియం కూడా ఉంటుంది. పక్కనే ఎనిమిదేళ్ల పిల్లలు గిరగిరా తిరుగుతుంటే ఆ బిడియం రెట్టింపై, చేతులు బిగుసుకుపోయి, చూపు ముందు చక్రం మీదే నిలిచిపోతుంది. పెద్దల కోసం వేరే సమయం, వీలైతే ఎవరూ రాని వేళ కేటాయించినప్పుడు వారు ఎంతో త్వరగా నేర్చుకోవడం నేను పదేపదే గమనించాను.

బ్యాలెన్సు నేర్పడానికి వెనుక సీటు పట్టుకుని పరుగెత్తవలసిన అవసరం లేదు. సైకిలు ఏ వైపు ఒరుగుతుంటే ఆ వైపే హ్యాండిల్ కాస్త తిప్పితే చక్రాలు మళ్లీ శరీరం కిందికి వస్తాయి. నేర్చుకునేవారి శరీరానికి అలవాటు కావలసింది ఇదే. వెనుక పట్టుకున్న మనిషి ఆ ఒరుగును తానే సరిదిద్దేస్తాడు, పక్కన బిగించే చిన్న చక్రాలు అసలు ఒరగనివ్వవు. అందుచేత మేము పెడళ్లు రెండూ విప్పేసి, రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేంతవరకు సీటు దించి, కాళ్లతో నేలను నెట్టుకుంటూ సాగమంటాము. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ ఫాన్ డ్రైస్ నడిపి చూపిన తొలి రెండు చక్రాల వాహనానికి పెడళ్లే లేవు, కనుక ఇది కొత్తగా కనిపెట్టిన పద్ధతేమీ కాదు. పాదాలు పైకెత్తి కొంత దూరం నిలకడగా జారగలిగినప్పుడు పెడళ్లు తిరిగి బిగించండి. ఎడమ పెడల్ మాత్రం గడియారపు ముల్లు తిరిగే దిశలో తిప్పితేనే ఊడుతుందని పానా పట్టేవారికి ముందే చెప్పండి. తెలియక బలమంతా ఉపయోగిస్తే మర పాడైపోతుంది.

రెండవ దశలో నేను అత్యధిక సమయం కేటాయించేది వెనక్కి చూడటానికి. నేల మీద ఒక గీత గీసి, దాని వెంట తొక్కుతూ వెళ్లేవారు భుజం మీదుగా వెనక్కి చూసి, నేను ఎన్ని వేళ్లు ఎత్తానో చెప్పాలి. తల తిప్పగానే దాదాపు అందరి హ్యాండిలూ అదే వైపు లాగుతుంది. వెనుక వాహనం వస్తున్నప్పుడు ఆ ఒక్క అడుగు పక్కకు జరగడమే ప్రమాదానికి చాలు. నడుము తిప్పకుండా గడ్డాన్ని భుజానికి చేర్చడం, మోచేతులను వదులుగా ఉంచడం అభ్యాసం చేయిస్తే క్రమంగా గీత తప్పరు. ఆ తరువాతే ఒక చేయి తీసి సంకేతం ఇవ్వడం నేర్పాలి. చూడటం ముందు, చేయి చాపడం తరువాత, మలుపు తిరగడం చివర అన్న వరుస ఎన్నడూ మారకూడదు, ఎందుకంటే చేయి చాపితే చాలు, దారి తమదే అయిందని నమ్మే పిల్లలు చాలామంది ఉన్నారు.

బ్రేకుల విషయంలో, ఆపేటప్పుడు బరువు ముందుకు వస్తుంది కనుక ముందు బ్రేకుకే ఎక్కువ పట్టు ఉంటుంది. రెండింటినీ కలిపి క్రమంగా నొక్కుతూ శరీరాన్ని కొంచెం వెనక్కి జరపాలి. ముందు బ్రేకు ఏ చేతికి ఉంటుందో దేశాన్ని బట్టి మారుతుంది, కనుక ప్రతి ఒక్కరూ తమ సైకిలుకు స్వయంగా చూసుకోవాలి. చిన్న వేళ్లకు బ్రేకు అందకపోతే, చాలా సైకిళ్లలో ఆ దూరం తగ్గించేందుకు లీవరు దగ్గరే ఒక చిన్న మర ఉంటుంది.

రోడ్డు సంగతికి వస్తే పెద్దలూ పిల్లలూ తారుమారవుతారు. వాహనాల తీరు పెద్దలకు ముందే తెలుసు, పిల్లలకు మాత్రం ఎదురుగా వచ్చే వాహనపు వేగాన్నీ దూరాన్నీ అంచనా వేసే శక్తి ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండదు. ఇంగ్లండులో 2007లో మొదలైన బైకెబిలిటీ శిక్షణలో మొదటి స్థాయి వాహనాలు లేని చోట, రెండవది రద్దీ లేని రోడ్ల మీద, మూడవది రద్దీ రోడ్ల మీద జరుగుతాయి. ఆ వరుసను మీరూ పాటించండి.

ఆగి ఉన్న కార్ల తలుపులు హఠాత్తుగా తెరుచుకోవచ్చు కనుక వాటికి కనీసం ఒక మీటరు దూరంగా వెళ్లమనండి. పెద్ద లారీ పక్కన ఎందుకు ఉండకూడదో మాటలతో చెబితే పిల్లలకు ఎక్కదు. ఒక డ్రైవరు సహకారంతో ఆగి ఉన్న లారీని తెప్పించి, ఒక్కొక్కరినీ అతని సీటులో కూర్చోబెడితే, కింద పక్కనే నిలబడిన తమ స్నేహితులు ఏ అద్దంలోనూ కనిపించకపోవడం వారే చూస్తారు. లారీ మలుపు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల కన్నా లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయని కూడా అక్కడే వివరించవచ్చు. ఆ పాఠం విన్న పిల్లలు ఇంటికి వెళ్లి తల్లిదండ్రులకు చెప్పడం నాకెంతో సంతోషం కలిగించింది.

హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల పైన సమాంతరంగా కూర్చోవాలి. టైర్ల గాలి, బ్రేకులు, చైను ప్రతి తరగతికి ముందు విద్యార్థులే చూసుకోవాలి.

చివరి తరగతికి పెద్దలనూ పిల్లలనూ కలపండి, ఎందుకంటే ఆ తరువాత వారు వెళ్లేది కలిసే. పెద్దవారు పిల్లల వెనుక, వాహనాలు వెళ్లే వైపుకు కొంచెం జరిగి తొక్కాలి. కూడలి దగ్గర మాత్రం పిల్లల పక్కకు చేరాలి. నిజమైన రోడ్డు మీద ఒక్కొక్క బోధకునికి ఆరుగురిని మించి అప్పగించవద్దు. అంతమంది బోధకులు దొరకకపోతే బృందాన్ని విడగొట్టి వేర్వేరు రోజుల్లో తీసుకువెళ్లండి.