సాలూరు నుంచి అరుణాచలానికి అయిదు బస్సులు

చి॥ శ్రీనుకు,

మామయ్య ఆశీస్సులు. అమ్మను అరుణాచలం తీసుకెళ్లాలనుకుంటే రైలు టికెట్లు వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోయాయట కదా. బస్సుల్లో వెళ్లిపోవచ్చు, బెంగ పెట్టుకోకు. సాలూరు నుంచి విశాఖ, అక్కణ్నుంచి విజయవాడ, తిరుపతి, వేలూరు, ఆఖరికి తిరువణ్ణామలై, అంటే మన అరుణాచలం. వెయ్యి కిలోమీటర్ల పైమాటే. అయిదు బస్సులు ఎక్కాలి, నాలుగుచోట్ల మారాలి. చిక్కంతా ఆ నాలుగుచోట్లే.

మధ్యలో ఉన్న రెండు పెద్ద బస్సులకే రిజర్వేషన్ చేయించు: విశాఖ–విజయవాడ, విజయవాడ–తిరుపతి. మిగతా మూడింటికీ వద్దు. ఆ దారుల్లో బస్సులు తరచుగా దొరుకుతాయి, ఏది ముందొస్తే అది ఎక్కొచ్చు. అన్నిటికీ చేయించావనుకో, ఒకటి ఆలస్యమైతే వెనకున్నవన్నీ వరసగా పోతాయి. నీ కోసం తర్వాతి బస్సు ఆగదు, డబ్బూ తిరిగి రాదు.

వేళలు ఇలా వేసుకో. పొద్దున్న 8 లోపు సాలూరులో ఎక్కితే 12 కల్లా విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సు బస్టాండులో ఉంటారు. విజయవాడ బస్సు 2 గంటల ప్రాంతంలోది చూడు. 350 కిలోమీటర్లు, ఎనిమిది గంటలనుకో. రాజమండ్రి ఊళ్లోకి వెళ్లొచ్చే బస్సయితే అరగంట అదనం, విజయవాడ చేరాక రామవరప్పాడు రింగు దగ్గర ఇంకొంత. ఇవన్నీ ఆ ఎనిమిది గంటల్లోనే కలిపాను, అంటే రాత్రి 10 అవుతుంది. తిరుపతి బస్సు 11.30కి పెట్టుకో. 10.30ది ఖాళీగా కనబడినా దాని జోలికి పోకు. ఒక్క లారీ అడ్డం పడితే ఆ అరగంట చాలదు.

ఇక్కడే చాలామంది పొరపడేది ఒకటుంది. నువ్వు ఎంచుకున్న బస్సు రాత్రి 12 దాటాక కదిలేదైతే తేదీ మారిపోతుంది. 11వ తేదీ రాత్రి ప్రయాణానికి 12.15 బస్సు కావాలంటే 12వ తేదీకి టికెట్ తీయాలి. 11కి తీస్తే ఆ బస్సు నువ్వు సాలూరులో బయల్దేరకముందే వెళ్లిపోయి ఉంటుంది.

డబ్బు సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ల ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో అమ్మకు ఛార్జీ లేదు. ఒరిజినల్ ఆధార్ చేతిలో ఉండాలి. విశాఖ దాకా అలా వెళ్లండి. విశాఖ తర్వాత ఎక్కే సూపర్ లగ్జరీకి ఆ పథకం వర్తించదు. కానీ 60 నిండినవాళ్లకు ఆర్టీసీలో 25 శాతం రాయితీ ఉంది, టికెట్ తీసేటప్పుడే సీనియర్ సిటిజన్ అని పెట్టు. ఛార్జీ మిగులుతుందని ఆవిడను విజయవాడ దాకా ఎక్స్‌ప్రెస్‌లోనే కూర్చోబెట్టకు. మిగిలిన డబ్బు నడుంనొప్పి మందులకు పోతుంది.

సీట్లు మూడో వరస నుంచి అయిదో వరస లోపు తీసుకో. ఆఖరి వరస వెనక చక్రాలు దాటి ఉంటుంది, ప్రతి గతుకూ నడుముకే తగులుతుంది. విశాఖలో మధ్యాహ్నం బయల్దేరే బస్సులో ఎడమవైపే కూర్చోండి. బస్సు నైరుతి దిక్కుగా పోతుంది కాబట్టి సాయంత్రం దాకా ఎండ కుడివైపు కొడుతుంది. తలుపు కూడా ఎడమవైపే కనక అమ్మకు దిగడం సులువు.

సామాను మనిషికో బ్యాగు, దాంతోపాటు మందులు, కళ్లజోడు, ఆధార్, ఫోన్ ఛార్జర్ పెట్టుకునే చేతిసంచి ఒకటి. డిక్కీలో ఏదీ వేయకు. మారిన ప్రతిచోటా మొత్తం ఎన్ని శాల్తీలో లెక్కపెట్టుకో. బాత్రూముకు దిగాల్సి వస్తుందని అమ్మ నీళ్లు తాగడం మానేస్తుంది, ఆడవాళ్లందరూ చేసే పనే. కాళ్లు వాచేదీ కళ్లు తిరిగేదీ అందుకే. బస్సు ఆగినచోటల్లా నువ్వే దింపి తీసుకెళ్లు. హోటల్ దగ్గర దిగే ముందు బస్సు నంబరు ప్లేటు ఫొటో తీసుకో. ఒకే రంగు బస్సులు నాలుగు ఉంటాయక్కడ.

విజయవాడకు అరవై కిలోమీటర్ల ముందు ఏలూరు వస్తుంది. అక్కడికి రాత్రి 9 లోపు చేరితే ఇబ్బంది లేదు. 9.30 దాటితే ఊరికే కూర్చోకుండా ఫోన్లో తర్వాతి తిరుపతి బస్సుల్లో సీట్లున్నాయేమో చూడు. నిజంగానే తప్పిపోతే కంగారు వద్దు, నెల్లూరు బస్సెక్కు. నెల్లూరు నుంచి తిరుపతికి బస్సులకు కరువు లేదు.

పొద్దున్న తిరుపతిలో దిగి మొహాలు కడుక్కుని, టిఫిన్ చేసి 9.30కి కదలండి. నేరుగా తిరువణ్ణామలై బస్సు కనబడితే మరో ఆలోచన లేకుండా ఎక్కేయండి, ఒక మార్పు తగ్గుతుంది. వేలూరు బస్సు కూడా లేకపోతే చిత్తూరు వెళ్లండి, 70 కిలోమీటర్లు. అక్కణ్నుంచి వేలూరు 35. చిత్తూరు దాకా నాన్‌స్టాప్ కాని ఎక్స్‌ప్రెస్ అయితే అమ్మకు మళ్లీ ఉచితమే, రాష్ట్రం దాటే బస్సుల్లో మాత్రం కాదు.

వేలూరులో కొత్త బస్టాండు, పాత బస్టాండు రెండున్నాయి. దిగకముందే కండక్టరును "తిరువణ్ణామలై బస్సు ఎక్కడ?" అని అడుగు. ఆ ప్రాంతంలో తెలుగు తెలిసినవాళ్లు బాగానే దొరుకుతారు. కానీ అరుణాచలం అనకు, అక్కడ బోర్డు మీదా కండక్టర్ల కేకల్లోనూ తిరువణ్ణామలైయే. బోర్డులు తమిళంలో ఉంటాయి కాబట్టి ఆ పేరు తమిళ అక్షరాల్లో ఫోన్లో దాచుకుని పోల్చి చూసుకో. పదులూ ఇరవైలూ కలిపి అయిదు వందల చిల్లర విడిగా పెట్టుకో. "చిల్లరై" అంటే వాళ్లు అడిగేది అదే. వేలూరు నుంచి కణ్ణమంగళం, పోలూరు మీదుగా రెండు, రెండున్నర గంటలు. మధ్యాహ్నం 4 లోపు చేరతారు, గది వెలుతురులోనే వెతుక్కోవచ్చు.

పౌర్ణమికి మాత్రం వెళ్లకండి. గిరిప్రదక్షిణకు జనం విరగబడతారు, బస్సులను ఊరి బయట తాత్కాలిక స్టాండ్లలోనే ఆపేస్తారు. పద్నాలుగు కిలోమీటర్ల ప్రదక్షిణకు ముందే అమ్మ కాళ్లు అయిపోతాయి.

తిరుగు ప్రయాణంలో వరస తిరగబడుతుంది. రిజర్వేషన్ లేని బస్సులు ముందొచ్చి, రిజర్వేషన్ బస్సు తర్వాతొస్తుంది. అందుకని తిరుపతిలో మూడు గంటలైనా చేతిలో ఉంచుకో. తిరువణ్ణామలైలో 12కి ఎక్కితే సాయంత్రం 6కి తిరుపతిలో ఉంటారు. విజయవాడ బస్సు రాత్రి 9 తర్వాతది చూసి చేయించు.

ఇట్లు,
మామయ్య