మధురవాణికి బిరుదులు వద్దు

చిరంజీవికి,

ఆశీస్సులు. గురజాడ అప్పారావు నాటకం 'కన్యాశుల్కం' మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. భాష బాగుంది. తొందర కూడా కనిపిస్తోంది. మొదటి పేరాలోనే వేశ్య మధురవాణి అభ్యుదయానికి ప్రతీక, గిరీశం కపటానికి ప్రతీక, లుబ్ధావధాన్లు పిసినారితనానికి ప్రతీక అని తేల్చేశావు. ఇక మిగతా పేజీల్లో పాపం వాళ్ళకు చేయడానికి పనేమీ మిగల్లేదు. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మధ్య ఉంటున్నావు కాబట్టి ఆ గాలి సోకడం సహజమే. అలా రాస్తే పరీక్షలో మార్కులు పడతాయేమో కూడా. కానీ నువ్వు కథలు రాయాలనుకుంటున్నదానివి. నీకది పనికిరాదు.

పాత్రను చదవాలంటే ఆ మనిషికి ఈ ఘడియలో ఏం కావాలో చూడు. దానికోసం ఎవరితో ఎలా మాట్లాడుతున్నాడో చూడు. గిరీశాన్నే తీసుకో. తెర లేచేసరికే పూటకూళ్ళమ్మ డబ్బు వాడేసుకుని, విజయనగరంలో మొహం చూపించలేని స్థితిలో ఉన్నాడు. ఊరు వదలాలి, తిండి దొరకాలి. శిష్యుడు వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో అతని ఊరు, అగ్రహారం చేరతాడు. శిష్యుడి దగ్గర ఇంగ్లీషు దంచుతాడు. వ్యాజ్యాల పిచ్చి ఉన్న వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్లకు కోర్టు కాగితాలు తెలిసిన మనిషిలా కనబడతాడు. ఆయన కూతురు, వితంతువు బుచ్చమ్మ దగ్గరికి వచ్చేసరికి వితంతు వివాహాల మీద ఉపన్యాసం. ఒక నోట్‌బుక్ తీసుకుని, అతను ఎవరితో ఏం అన్నాడో విడివిడిగా రాసుకో. 'కపటి' అన్న ఒక్క మాట ఎంత చాలదో నీకే తెలుస్తుంది. ఎందుకంటే అతను చెప్పే సంస్కరణ వాదనల్లో చాలావరకు సబబైనవే! సంస్కరణ కోరిన రచయిత ఆ వాదనల్ని తీసుకెళ్ళి ఇలాంటివాడి నోట్లో ఎందుకు పెట్టాడు? నీ వ్యాసం నిలబడాల్సింది ఈ ప్రశ్న మీద. నువ్వు దాని పక్కనుంచి వెళ్ళిపోయావు.

బుచ్చమ్మను 'అమాయకురాలు' అని ఒక్క వాక్యంతో పంపించేశావు. గిరీశంతో వెళ్ళిపోవడానికి ఆమె ఒప్పుకోవడంలో చెల్లెలు సుబ్బికి ముసలి లుబ్ధావధాన్లతో పెళ్ళి తప్పుతుందన్న ఆశ ఎంత ఉందో చూడు. మోసపోవడం వేరే సంగతి. ఆ ఇంట్లో సుబ్బి కోసం తన బతుకును పణం పెట్టింది ఆ 'అమాయకురాలే'.

ఇతివృత్తం సంగతికొద్దాం. "ఈ నాటకం కన్యాశుల్క దురాచారాన్ని ఖండిస్తుంది" అని రాశావు. నాటకం అట్ట మీద పేరు చూసినవాళ్ళెవరైనా ఆ మాట చెప్పగలరు. లోపలికి వెళ్ళి చూడు. శుల్కం, అంటే పిల్లకు కట్టిన వెల, చేతులు మారిన పెళ్ళి, మన కళ్ళముందు బేరం కుదిరి లుబ్ధావధాన్లకు జరిగిన పెళ్ళి, ఏది? సుబ్బి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి కట్టబెట్టిన పెళ్ళి. అందులో అసలు ఆడపిల్లే లేదు! బేరం నడిచింది, పంతుళ్ళు వచ్చారు, పెళ్ళి అయిపోయింది. పిల్ల ఉన్నా లేకపోయినా ఆ వ్యవహారానికి తేడా పడలేదు. ఎవరిని కాపాడటానికి ఇంత తంతు జరిగిందో ఆ సుబ్బి గొంతు మనకు వినిపించేదే తక్కువ. నన్నడిగితే నాటకంలో అన్నిటికన్నా గట్టి మాట ఇదే. దాన్ని ఏ పాత్రా నోరు తెరిచి చెప్పదు. జరిగిన పనుల్లోంచి మనం పట్టుకోవాలి.

మధురవాణి దగ్గరా అంతే. ఆమె అబద్ధాలాడుతుంది, తనను ఉంచుకున్న రామప్పంతుల్ని వేలి మీద ఆడిస్తుంది, చివరికి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. లుబ్ధావధాన్లను హత్య కేసులోంచి బయటపడేసే సాయానికి ప్రతిఫలంగా ముద్దు అడుగుతుంది. వేశ్యల మొహం చూడనన్న పెద్దమనిషి ఎంతో తర్జనభర్జన పడి సిద్ధమయ్యాక తనే వద్దంటుంది. చెడనివాళ్ళను చెడగొట్టవద్దని తల్లి చెప్పిందట. ఈ ఘట్టంలో పరీక్షకు నిలబడింది ఎవరు? ఆమె అని నువ్వు రాశావు. నాకు మాత్రం సౌజన్యారావే కనిపిస్తాడు. మంచివాడి మంచితనాన్ని కూడా ఊరికే వదలలేదు గురజాడ. మధురవాణిని దేవతను చేస్తే ఈ చిలిపితనమంతా పోతుంది, ఆమె తెలివీ పోతుంది.

ఇంకో పని చెబుతాను. కొంచెం శ్రమ, కానీ రచయితవు కావాలంటే ఇంతకుమించిన బడి లేదు. నాటకాన్ని మొదట ప్రదర్శించింది 1892లో, అచ్చు వేసింది 1897లో. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు తిరగరాసిన నాటకం. రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకో. మధురవాణి మొదటిదాంట్లో ఎంత, రెండోదాంట్లో ఎంత ఎదిగిందో చూడు. సుల్తాన్ బజార్‌లో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయ భాషానిలయం గ్రంథాలయంలో అడిగి చూడు. ఆదివారం పాత పుస్తకాలమ్మే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూడా ఒక్కోసారి అదృష్టం పండుతుంది. ముందుమాటలు, విమర్శలు మాత్రం చివర చదువు. ముందే చదివితే నీ కళ్ళతో చూడటం మానేస్తావు.

విజయనగరం యాస మన హైదరాబాద్ చెవికి మొదట్లో అడ్డం తగులుతుంది, నిజమే. టెన్షన్ పడకు. హాస్టల్ గదిలో తలుపేసుకుని పైకి చదువు. రెండో అంకానికి వచ్చేసరికి అలవాటైపోతుంది.

పాతకాలపు కావ్యాలకు ఈ పద్ధతి పనికొస్తుందా అని అడిగావు. భేషుగ్గా! తిక్కన ఉద్యోగపర్వం తెరిచి, కృష్ణుడు రాయబారానికి బయల్దేరే ముందు భీముడు ఏమంటున్నాడో చదువు. మనందరి లెక్కలో భీముడంటే గద, కోపం. ఆయన అక్కడ సంధి మాటలు మాట్లాడతాడు. కృష్ణుడు ఆశ్చర్యపోయి ఎత్తిపొడుస్తాడు, దాంతో భీముడు భగ్గుమంటాడు. ఆ తర్వాత ద్రౌపది తన జుట్టు చూపించి మాట్లాడుతుంది. భీముడి మెత్తదనం ముందు రాకపోతే ఆమె దుఃఖానికి ఆ పదును ఉండేదా? పాత్రలను విడివిడిగా కోసి చూస్తే ఇది దొరకదు బిడ్డా, వరసలో చదవాలి.

చలం నవల 'మైదానం' గురించి కూడా ఒక్క మాట. ఆ కథ చెబుతున్నది రాజేశ్వరి. ఆమె ప్రేమించి వెళ్ళిపోయిన అమీర్ ఎలాంటివాడని నువ్వు రాసిందంతా ఆమె చెప్పిందే. తీర్పు ఇచ్చేముందు ఆ సంగతి గుర్తుపెట్టుకో.

వ్యాసాన్ని మధురవాణి, సౌజన్యారావుల ఘట్టంతో మొదలుపెట్టి తిరగరాయి. 'ప్రతీక' అన్న మాట ఎక్కడా వాడకుండా రాయగలవేమో చూద్దాం. ఈసారి ప్రింట్ తీసి పంపు, ఫోన్‌లో చదవడం నా వల్ల కావడం లేదు. ఉద్యోగపర్వం నా దగ్గరుంది. చిక్కడపల్లి లైబ్రరీకి వచ్చినప్పుడు ఇంటికొచ్చి పట్టుకుపో. తిరిగి ఇస్తేనే 1909 కూర్పు ఇస్తాను.

నీ మేలు కోరే,
పెద్దమ్మ